స్త్రీల చదరంగ కిరీటం - అర్హత పోటీల చరిత్ర

2025 జూలైలో జార్జియాలోని బాతూమీ నగరంలో స్త్రీల చదరంగ ప్రపంచకప్పు అంతిమ పోటీ జరిగింది. బల్లకు ఒకవైపు గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, వయస్సు 38. రెండోవైపు నాగపూరు అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్, వయస్సు 19. మొదటి రెండు ఆటలూ డ్రా అయినాయి. ఆ తరువాతి వేగపు ఆటల్లో దివ్య గెలిచింది. ప్రపంచ విజేతను సవాలు చేసే హక్కు ఎవరిదో తేల్చే అభ్యర్థుల పోటీకి ఇద్దరూ అర్హులైనారు.

ఆ రోజుల్లోనే మా విద్యార్థి మిత్రుల గోష్ఠి ఒకటి జరిగింది. అందరూ సంతోషంగా వున్న సమయంలో ఒక విద్యార్థిని లేచి అడిగింది: "చదరంగానికి కండబలం అక్కరలేదు గదా! మరి స్త్రీలకు వేరే ప్రపంచ కిరీటం యెందుకు? ఆ విభజనే అవమానం కాదా?" ప్రశ్న పడగానే గోష్ఠి రెండుగా చీలింది. వేరే పోటీ వుండడమంటే స్త్రీ బుద్ధి తక్కువదని ఒప్పుకోవడమే, దాన్ని రద్దు చేయాలని కొందరన్నారు. లేదు, అది సంరక్షణ, అది లేకపోతే స్త్రీలు బల్ల దగ్గరకే రారని మరికొందరన్నారు. నన్ను అడిగినప్పుడు నేను సోవియట్ యూనియన్ పేరు చెప్పి, నాలుగు రష్యన్ పేర్లు వల్లించి, "సోషలిజం దీన్ని యెప్పుడో పరిష్కరించింది" అని ముగించాను. ఇంటికి వచ్చిన తరువాత ఆ జవాబు నాకే చప్పగా తోచింది. అది జవాబు కాదు, జవాబును తప్పించుకోవడం. ఈ వ్యాసం ఆ విద్యార్థినికి నేను బాకీపడ్డ జవాబు.

కిరీటం యెవరి తలమీద వున్నదనేదాన్ని బట్టి చరిత్ర రాస్తే అది రాజుల చరిత్ర అవుతుంది. మనకు కావలసింది ఆ కిరీటానికి పోయే దారి చరిత్ర. ఆ దారి మొదటి మెట్టు యెక్కడుంది, దాని మీద కాలు పెట్టగలిగినవారెవరు, పెట్టలేకపోయినవారెవరు, పై మెట్టు యెక్కినవారికి ఆ పైన యే గది తలుపు తెరిచారు - ఈ ప్రశ్నలు వేసుకుంటేనే విషయం బోధపడుతుందని నా నమ్మకం.

1

ప్రపంచ చదరంగ సమాఖ్య 1924లో పారిస్‌లో పుట్టింది. 1927లో అది లండన్‌లో మొదటి ఒలింపియాడ్ జరిపింది. దానితోపాటే స్త్రీలకు మొట్టమొదటి ప్రపంచ పోటీ పెట్టింది. పన్నెండుమంది ఆడారు. వేరా మెన్చిక్ పదకొండు ఆటల్లో పదిన్నర పాయింట్లు తెచ్చుకుని గెలిచింది.

ఎవరీమె? 1906లో మాస్కోలో పుట్టింది. తండ్రి చెక్ దేశస్థుడు, తల్లి ఇంగ్లీషు స్త్రీ. విప్లవానంతరం ఆ కుటుంబం ఆస్తిని కోల్పోయింది. 1921లో వేరా తల్లితోనూ చెల్లెలితోనూ ఇంగ్లండు చేరింది. అక్కడ హేస్టింగ్స్ పట్టణంలోని చదరంగ క్లబ్బులో ఆమె ఆట పదునుదేరింది. హంగేరీ దిగ్గజం మరోట్సీ ఆమెకు పాఠాలు చెప్పాడు. విప్లవం వల్ల ఇల్లు చెదిరిన పిల్ల అని ఈ సంగతిని దాటవేయడం నాకిష్టం లేదు. చరిత్ర మనకు అనుకూలమైన చోటనే మాట్లాడదు.

1927 నుంచి 1939 వరకు ఏడుసార్లు స్త్రీల ప్రపంచ పోటీ జరిగింది: లండన్, హాంబర్గ్, ప్రేగ్, ఫోక్‌స్టన్, వార్సా, స్టాక్‌హోమ్, బ్యూనస్ ఏర్స్. ఏడింటా మెన్చిక్కే గెలిచింది. మొత్తం 83 ఆటలాడి 78 గెలిచి, 4 డ్రా చేసి, ఒక్కటే ఓడిపోయింది.

ఈ అంకెలు చూసి మనం చప్పట్లు కొట్టవచ్చు. గాని నేను వాటిని రెండోసారి చూసినప్పుడు మరొకటి కనిపించింది. 83లో 78 గెలిచిందంటే ఆమె ఎంత గొప్పదో అర్థమవుతున్నట్లే, ఆమెకు యెదురు నిలిచే స్త్రీలను ఆనాటి సమాజం తయారుచేయలేదని కూడా అర్థమవుతున్నది. ఆ రోజుల్లో అర్హత పోటీ అంటూ లేదు. పుల్లింగ ఒలింపియాడ్ యే వూళ్ళో జరిగితే ఆ వూళ్ళోనే, దానికి తోకగా, స్త్రీల పోటీ జరిగేది. అక్కడికి వెళ్ళగలిగిన స్త్రీ ఆడేది. వెళ్ళగలగడానికి తీరికా, రైలు ఖర్చూ, ఇంట్లో అనుమతీ కావాలి. నేతమిల్లులో పనిచేసే స్త్రీకి ఆ మూడూ లేవు.

అయితే మెన్చిక్ కథకు రెండోవైపు వుంది. ఆమె స్త్రీల గదిలోనే కూర్చోలేదు. 1929లో కార్ల్స్‌బాడ్ మహాపోటీకి ఆమెను పిలిచారు. అక్కడ ఆల్బర్ట్ బెకర్ అనే వియన్నా ఆటగాడు, ఆమె చేతిలో ఓడినవారందరినీ 'వేరా మెన్చిక్ క్లబ్బు'లో సభ్యులుగా చేర్చాలని హాస్యమాడాడు. ఆ క్లబ్బుకు మొదటి సభ్యుడు ఆయనే అయినాడు. తరువాత ప్రపంచ విజేత కాబోయే మాక్స్ యూవే ఆమె చేతిలో రెండుసార్లు ఓడాడు. అమెరికా మేటి రెషెవ్‌స్కీ, భారతదేశం నుంచి వెళ్ళిన సుల్తాన్‌ఖాన్ కూడా ఆ క్లబ్బువారే. అదే 1929లో రామ్స్‌గేట్‌లో కాపబ్లాంకా తరువాతి స్థానాన్ని ఆమె రూబిన్‌స్టయిన్‌తో పంచుకున్నది. 1935 మాస్కో టోర్నమెంటులో మాత్రం చిట్టచివరన నిలిచింది. గెలుపూ ఓటమీ రెండూ చెప్పుకోవాలి. ఓడిపోయే హక్కు కూడా ఆ పెద్దగదిలోకి రానిచ్చినవారికే దొరుకుతుంది గనుక.

1939లో బ్యూనస్ ఏర్స్‌లో పోటీ జరుగుతూండగా యూరపులో యుద్ధం మొదలైంది. అక్కడ రెండో స్థానం వచ్చిన సోన్యా గ్రాఫ్ మ్యూనిక్‌లో పుట్టిన స్త్రీ. హిట్లర్ జర్మనీ జెండా కింద కాకుండా, స్వేచ్ఛ అని పేరు పెట్టిన జెండా కింద ఆడింది. పోటీ తరువాత అర్జెంటీనాలోనే వుండిపోయింది. విజేత మెన్చిక్ ఇంగ్లండుకు తిరిగి వెళ్ళింది. 1944 జూన్‌లో లండన్‌లోని క్లాఫమ్‌లో ఆమె ఇంటి మీద నాజీల వి-1 ఎగిరే బాంబు పడింది. వేరా, ఆమె చెల్లెలు ఓల్గా, వారి తల్లి ముగ్గురూ చనిపోయారు. కిరీటాన్ని యెవరికీ కోల్పోని విజేతను ఫాసిజం చంపింది. కిరీటం ఖాళీ అయింది.

2

ఇప్పుడు మరొక స్త్రీ సంగతి చెప్పాలి. లండన్‌లో మెన్చిక్ గెలిచిన 1927లోనే సోవియట్ యూనియన్‌లో మొట్టమొదటి స్త్రీల జాతీయ పోటీ జరిగింది. గెలిచింది ఓల్గా రుబ్త్సోవా. అప్పటికామెకు పద్దెనిమిదేళ్ళు. మెన్చిక్ కంటే మూడేళ్ళు మాత్రమే చిన్నది. ఇద్దరూ మాస్కోతో సంబంధం వున్నవారే. ఐనా స్త్రీల ప్రపంచ పోటీ బల్ల మీద వీరిద్దరూ ఒక్కసారీ కలుసుకోలేదు. కారణం, సోవియట్ సమాఖ్య 1947 దాకా ప్రపంచ సమాఖ్యలో చేరలేదు. బూర్జువా సంస్థతో పొత్తు వద్దన్నది ఆనాటి నిర్ణయం. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు యెలావున్నా దాని ఖర్చు భరించినవారిలో రుబ్త్సోవా ఒకతె. ఆమె ప్రపంచ కిరీటం గెలిచేసరికి 1956 వచ్చింది. వయస్సు 47. మధ్యలో ఇరవైతొమ్మిది సంవత్సరాలు.

ఆ ఇరవైతొమ్మిదేళ్ళలో ఆ దేశంలో జరిగిన పని తక్కువది కాదు. 1924 తరువాత చదరంగాన్ని ప్రభుత్వమే చేపట్టింది. 1925లో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ పోటీకి ప్రభుత్వమే ఖర్చుపెట్టింది. కార్మిక సంఘాల క్లబ్బులలోనూ, తరువాతి కాలంలో పిల్లల కోసం కట్టిన పయొనీరు భవనాలలోనూ చదరంగపు బల్లలు వెలిశాయి. కాఫీ హోటళ్ళలో పందేలు కాసి ఆడే ఆట, పని ముగించుకుని వచ్చిన మనిషి నేర్చుకునే విద్య అయింది. ఈ పనికి నాయకత్వం వహించిన నికొలాయ్ క్రిలెంకో న్యాయశాఖ అధిపతి కూడా. 1938లో, తాను నడిపిన న్యాయవ్యవస్థే అతన్ని బలిగొంది. కాల్చి చంపారు. బల్లలు పంచినవాడి చరిత్ర చెప్పి ఈ ముగింపును దాచిపెట్టే అభ్యుదయవాదం నాకు వద్దు. అలాగే ఈ ముగింపు చూపించి ఆ బల్లలే లేవనడం కూడా అబద్ధమే.

యుద్ధం ముగిసింది. పురుషుల కిరీటం కూడా 1946లో అల్యోఖిన్ మరణంతో ఖాళీ అయి, 1948లో బొత్విన్నిక్‌కు దక్కింది. స్త్రీల వంతు 1949 డిసెంబరులో వచ్చింది. మాస్కోలో పదహారుమంది సమావేశమైనారు. సోవియట్ నుంచి నలుగురు, అమెరికా నుంచి ఇద్దరు, ఫ్రాన్స్, జర్మనీ, ఇంగ్లండు, హాలెండు, ఇటలీ, హంగేరీ, చెకోస్లొవేకియా, పోలెండు, డెన్మార్కు, క్యూబాల నుంచి ఒక్కొక్కరు. ఆసియా నుంచి గాని, ఆఫ్రికా నుంచి గాని ఒక్కరూ లేరు. 1950 జనవరిలో పోటీ ముగిసేసరికి మొదటి నాలుగు స్థానాలూ సోవియట్ స్త్రీలవే: రుదెంకో, రుబ్త్సోవా, ఆ తరువాత సమంగా బెలోవా, బికోవా.

విజేత లుద్మీలా రుదెంకో ఉక్రెయిన్‌లోని లుబ్నీలో 1904లో పుట్టింది. అర్థశాస్త్రం చదివి ఉద్యోగం చేసుకుంటూ ఆడిన మనిషి. లెనిన్‌గ్రాడ్ ముట్టడి కాలంలో పిల్లలను రైలెక్కించి నగరం దాటించే పనిని ఆమె నిర్వహించింది. ప్రపంచ కిరీటం కంటే ఆ రైలే తన జీవితంలో గొప్ప పని అని ఆమె చెప్పుకున్నది. లండన్‌లో ఒక విజేతను చంపిన యుద్ధమే లెనిన్‌గ్రాడ్‌లో మరొక విజేత చేత పిల్లలను కాపాడించింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఆట వేరు లోకం వేరు అనే వాదం నిలవదు.

1950 తరువాతనే అసలైన మెట్లు కట్టారు. దేశంలో పోటీ, ఆ పైన మండలాల పోటీ, ఆ పైన అభ్యర్థుల టోర్నమెంటు, అందులో గెలిచినవారికి విజేతతో ముఖాముఖి మాచ్. పురుషులకున్న పద్ధతే స్త్రీలకూ వచ్చింది. 1952లో మాస్కోలో మొదటి అభ్యర్థుల పోటీ జరిగితే ఎలిజవేతా బికోవా గెలిచింది. 1953 మాచ్‌లో రుదెంకోను 8-6 తేడాతో ఓడించింది. ఆ పధ్నాలుగు ఆటల్లో డ్రా అయినవి రెండే. స్త్రీలు భయపడి ఆడతారనే మాటకు ఆ ఒక్క మాచ్ చాలు. బికోవా రైతు కుటుంబపు పిల్ల. మాస్కోలో ముద్రణాలయంలో ఇంజనీరు. మెన్చిక్ మీద పుస్తకం రాసింది కూడా ఈమే. తన ముందరి విజేతను మరుపు నుంచి తీసి నిలబెట్టిన విజేత.

1955 అభ్యర్థుల పోటీలో ఇరవైమంది ఆడారు. రుబ్త్సోవా గెలిచింది. 1956లో ఆమె, బికోవా, రుదెంకో ముగ్గురూ కలిసి ఆడిన పోటీలో రుబ్త్సోవా బికోవా కంటే అర పాయింటు ముందు నిలిచి కిరీటం తీసుకున్నది. అప్పటికామె ఐదుగురు పిల్లల తల్లి. ఆ పిల్లల్లో ఒకతె, ఎలెనా ఫతాలిబెకోవా, పెద్ద ఆటకత్తె అయింది. 1958లో బికోవా కిరీటం తిరిగి గెలుచుకున్నది. 1960 ప్రారంభంలో కీరా జ్వొరీకినా సవాలును తిప్పికొట్టింది.

ఐదుగురు పిల్లల తల్లి నలభైయేడో యేట ప్రపంచ విజేత కావడాన్ని మన సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చెప్పాను. ఐతే దాన్ని కేవలం పట్టుదల కథగా చెప్పడం పొరపాటు. పట్టుదల గల తల్లులు మన పల్లెల్లో ప్రతి వీధిలోనూ వున్నారు. క్లబ్బు వుండడం, ఉద్యోగం వుండడం, పోటీకి సెలవు దొరకడం, యేటేటా ఆడడానికి ఒక జాతీయ పోటీ వుండడం, ఇవి పట్టుదలకు ఆధారమైనాయి. రెండోమాట కూడా చెప్పాలి. మెన్చిక్ తన కాలపు మేటి పురుషులతో తరచుగా ఆడింది. ఆమె తరువాతి ముగ్గురు విజేతల పేరు ప్రధానంగా స్త్రీల పోటీలతోనే ముడిపడి వుంది. మెన్చిక్‌కు మెట్లు లేవు గాని గది తలుపు తెరిచారు. వీరికి మెట్లు కట్టారు గాని పైకి వెళ్ళాక వున్నది స్త్రీల గదే. మొదటిది వ్యక్తి విజయం, రెండోది వ్యవస్థ విజయం. రెండూ సగం సగమే.

3

రెండు సగాలూ కలిసింది జార్జియాలో. నోనా గప్రిందష్విలి 1941లో జుగ్దీదీ పట్టణంలో ఐదుగురు అన్నదమ్ముల నడుమ పుట్టింది. టిబిలీసీలో వఖ్తాంగ్ కర్సెలాద్జే అనే శిక్షకుడు ఆమెను చేరదీశాడు. 1961లో యుగోస్లావియాలోని వ్ర్న్యాచ్కా బాన్యాలో జరిగిన అభ్యర్థుల పోటీలో ఓటమి లేకుండా గెలిచింది. 1962లో బికోవాతో మాచ్. పదకొండు ఆటల్లో ఏడు గెలిచి నాలుగు డ్రా చేసి 9-2తో ముగించింది. అప్పటికామెకు 21 యేళ్ళు.

ఆ తరువాత పదహారేళ్ళు ఆమెదే కిరీటం. 1965, 1969, 1972లలో అల్లా కుష్నిర్ మూడుసార్లు సవాలు చేసింది. మూడోసారి 8.5-7.5 దాకా తెచ్చింది. 1975లో నానా అలెగ్జాండ్రియా సవాలు చేసింది. ఆమె కూడా జార్జియా స్త్రీయే. 1978లో నోనాను ఓడించిన మయా చిబుర్దనిద్జే కూడా జార్జియా అమ్మాయే, వయస్సు పదిహేడు. అంటే ఒక విజేత వెనక ఒక తరం నడిచి వచ్చింది. ఈ తరం యెంత బలంగా పాతుకుపోయిందంటే, సోవియట్ యూనియన్ కూలిన తరువాత కూడా చిన్నదేశమైన జార్జియా 1992, 1994, 1996 స్త్రీల ఒలింపియాడ్లు వరసగా గెలిచింది. పైనున్న రాజ్యం పోయినా కింద వేసిన మెట్లు మిగిలాయి.

నోనా స్త్రీల గదిలో ఆగలేదు. హేస్టింగ్స్‌లో పురుషులతో ఆడింది. 1977లో అమెరికాలోని లోన్‌పైన్ టోర్నమెంటులో మొదటి స్థానం పంచుకున్నది. 1978లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందింది. ఆ బిరుదు పొందిన మొదటి స్త్రీ ఆమే.

ఇలాంటి స్త్రీని గురించి 2020లో వచ్చిన 'క్వీన్స్ గాంబిట్' అనే ధారావాహికలో, ఆమె యెన్నడూ పురుషులతో ఆడలేదని ఒక పాత్రచేత చెప్పించారు. యెనభై యేళ్ళ నోనా 2021లో నెట్‌ఫ్లిక్స్ మీద దావా వేసింది. 1968 నాటికే తాను యాభైతొమ్మిదిమంది పురుషులతో ఆడానని అందులో చెప్పింది. 2022లో వ్యవహారం రాజీ అయింది. ఒక కల్పిత అమెరికన్ నాయిక పైకి రావడానికి ఒక నిజమైన జార్జియా స్త్రీ భుజం తొక్కవలసి వచ్చిందన్నమాట. బల్ల మీద గెలిచినా చరిత్ర పుస్తకంలో మళ్ళీ గెలవవలసి రావడం స్త్రీకి కొత్తకాదు.

4

మెట్లున్నచోట అడ్డుగోడలు లేవని అనుకోకూడదు. 1971లో యుగోస్లావియాలోని ఓహ్రిద్‌లో స్త్రీలకు మొదటి అంతర్మండల పోటీ జరిగి దారి ఇంకా విశాలమైంది. ఐనా 1986లో ప్రపంచ సమాఖ్య ఒక వింత చేసింది. స్త్రీలంతా స్త్రీలతోనే ఆడుతున్నందువల్ల వారి రేటింగు తక్కువగా వున్నదని, ఆటలో వున్న స్త్రీలందరికీ తలా నూరు పాయింట్లు కలిపింది. పురుషులతో ఆడుతున్నదన్న కారణంతో హంగేరీకి చెందిన సుసాన్ పోల్గార్‌కు మాత్రం కలపలేదు. దానితో జాబితాలో మొదటనున్న ఆమె కిందికి జారింది. పెద్దగదిలోకి వెళ్ళినందుకు శిక్ష! వేరే దారి కంచెగా మారడమంటే ఇదే.

పోల్గార్ అక్కచెల్లెళ్ళు దీనికి ఆటతోనే జవాబిచ్చారు. 1988 ఒలింపియాడ్‌లో హంగేరీ స్త్రీల జట్టు సోవియట్ జట్టును వెనక్కి నెట్టి మొదటి స్థానం గెలిచింది. సుసాన్ 1996లో ప్రపంచ కిరీటం గెలిచింది. చిన్నచెల్లెలు యూదిత్ స్త్రీల కిరీటానికి అసలు పోటీపడనే లేదు. 2005లో ప్రపంచంలో యెనిమిదో స్థానంలో నిలిచి, ఆ సంవత్సరమే శాన్ లూయీలో అందరికీ వుమ్మడిదైన ప్రపంచ పోటీలో ఆడింది. రద్దు వాదులకు యూదిత్ పేరు పెద్ద ఆయుధం. నేను వారికి చెప్పేది ఒకటే. యూదిత్‌కు మెట్లు అక్కరలేదంటే, ఆ మెట్లు ఆమె ఇంట్లోనే వుండడం వల్ల. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించి, తన కాలమంతా వారికే ధారపోసిన తండ్రి ప్రతి ఇంట్లోనూ వుండడు. మినహాయింపును చూపించి విధానాన్ని రద్దు చేయరాదు.

1991లో మనీలాలో చైనాకు చెందిన షియే జున్ చిబుర్దనిద్జేను ఓడించింది. 1950 నుంచి 41 యేళ్ళు సోవియట్ స్త్రీల దగ్గరే వున్న కిరీటం మొదటిసారి ఆసియాకు వచ్చింది. ఆ పదహారుమందిలో ఆసియా లేదని ముందు చెప్పాను. ఆ లోటు తీరడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

2000లో కొత్త శతాబ్దపు వాణిజ్యం మెట్లను కూల్చింది. అభ్యర్థుల పోటీ, ముఖాముఖి మాచ్ రెండూ తీసేసి, అరవైనలుగురిని ఒకచోట చేర్చి, ఓడినవారిని ఇంటికి పంపే పద్ధతి పెట్టారు. మొదటిది మన ఢిల్లీలోనే జరిగింది, షియే జున్ గెలిచింది. దీనివల్ల యెక్కువ దేశాల స్త్రీలకు అవకాశం దొరికిన మాట నిజం. గాని రెండు ఆటల చిన్న మాచ్‌లో ఒక్క చెడ్డ రోజు యేళ్ళ శ్రమను తుడిచివేస్తుంది. 2010 తరువాత ఒక యేడు ఈ పద్ధతి, మరొక యేడు మాచ్ పద్ధతి నడిచి, కిరీటం విలువే గందరగోళంలో పడింది. 2019లో కజాన్‌లో అభ్యర్థుల టోర్నమెంటును మళ్ళీ తెచ్చారు. గోర్యాచ్కినా గెలిచింది. 2020 ప్రారంభంలో ఆమెకూ చైనా విజేత జు వెన్‌జున్‌కూ జరిగిన మాచ్ 6-6తో సమమై, వేగపు ఆటల్లో జు గెలిచింది. ఆ మాచ్‌కు బహుమతి మొత్తం 5 లక్షల యూరోలు. 2018లో పురుషులు ఆడిన మాచ్‌కు 10 లక్షలు. సమాన శ్రమకు సగం కూలి అనే లెక్క మన పొలాల్లో చూసినదే.

5

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. యూరపులో 'రాణి' అని పిలిచే పావును మనం 'మంత్రి' అంటాం. యూరపు వారు ఆ పావుకు స్త్రీ పేరు పెట్టి, పదిహేనో శతాబ్దం చివర దానికి సర్వశక్తులూ ఇచ్చారు గాని, ఆ బల్ల ముందు స్త్రీని కూర్చోబెట్టడానికి మరి నాలుగు వందల యేళ్ళు తీసుకున్నారు. మనం పావుకైనా స్త్రీ పేరు పెట్టలేదు. స్త్రీల జాతీయ పోటీ మన దేశంలో 1974లో గాని మొదలు కాలేదు. సోవియట్ కంటే 47 యేళ్ళు ఆలస్యం.

1976లో బొంబాయి బాలిక రోహిణీ ఖాదిల్కర్ పురుషుల జాతీయ పోటీలో ఆడింది. అభ్యంతరాలు బయలుదేరాయి. విషయం కోర్టు దాకా పోయింది. స్త్రీలను యే పోటీ నుంచీ నిషేధించరాదని ప్రపంచ సమాఖ్య అధ్యక్షుడు తీర్పు చెప్పాడు. ఆ అధ్యక్షుడెవరో కాదు, మెన్చిక్ చేతిలో రెండుసార్లు ఓడిన మాక్స్ యూవే. మెన్చిక్ తెరిచిన తలుపు నలభై అయిదేళ్ళ తరువాత ఒక భారతీయ బాలికకు పనికివచ్చింది.

కోనేరు హంపి 2002లో పదిహేనో యేట గ్రాండ్‌మాస్టర్ అయి, యూదిత్ పోల్గార్ రికార్డును దాటింది. ఆమె శిక్షకుడు ఆమె తండ్రే. 2008లోనూ, 2010లోనూ ఓడినవారిని ఇంటికి పంపే పద్ధతిలో సెమీఫైనలు దాకా వెళ్ళి, రెండుసార్లూ చైనా అమ్మాయి హౌ ఇఫాన్ చేతిలోనే ఆగిపోయింది. 2009-2011 గ్రాండ్‌ప్రీ పోటీల్లో రెండో స్థానం రావడం వల్ల మాత్రమే, 2011 నవంబరులో అల్బేనియాలోని తిరానాలో విజేతతో మాచ్ ఆడే హక్కు దొరికింది. గమనించండి: ఒక్క రోజు అదృష్టం మీద నడిచే పద్ధతి ఇవ్వలేని అవకాశాన్ని రెండేళ్ళ ఆటను లెక్కగట్టే పద్ధతి ఇచ్చింది. ఆ మాచ్‌లో హంపి ఒక్క ఆటా గెలవలేదు, 5.5-2.5తో ఓడింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2012, 2015, 2017 పోటీల్లో మూడుసార్లు సెమీఫైనలు దాకా వెళ్ళింది.

2017లో హంపికి కూతురు పుట్టింది. రెండేళ్ళు ఆటకు దూరంగా వుంది. తిరిగి వచ్చాక 2019లో మాస్కోలో వేగపు ఆటల ప్రపంచ విజేత అయింది. 2024లో న్యూయార్కులో రెండోసారి అయింది. ఆ యేడే టొరంటో అభ్యర్థుల పోటీలో రెండో స్థానం పంచుకున్నది. హారిక 2022లో చెన్నయి ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా బల్ల ముందు కూర్చుని ఆడింది. రుబ్త్సోవాతో వీరిని పోల్చబుద్ధి అవుతుంది. గాని ఆమె వెనక కార్మిక సంఘపు క్లబ్బు వుంది. వీరి వెనక కుటుంబం వుంది. హంపికి ప్రభుత్వ రంగంలోని ఓఎన్‌జీసీ ఉద్యోగం కూడా దొరికింది. ప్రభుత్వ రంగాన్ని అమ్మివేయాలనేవారు ఈ సంగతి కాస్త ఆలోచించాలి. కుటుంబానికి ఆ స్తోమత లేని పిల్ల సంగతేమిటి? ఆమె పేరు యే జాబితాలోనూ వుండదు. ఓడినవారి పేరైనా పట్టికలో వుంటుంది. రానివారి పేరు వుండదు.

ఆ విద్యార్థినికి నా జవాబు ఇది. అమ్మా, వేరే కిరీటం స్త్రీ బుద్ధికి కొలత కాదు, సమాజం బాకీకి కొలత. బాకీ తీరిన రోజున ఆ కిరీటం తనంతట తానే అనవసరమౌతుంది. తీరకముందే దాన్ని తీసివేయడమంటే బాకీ కాగితం చింపివేయడమే. దానివల్ల లాభపడేది బాకీపడ్డవాడే. గాని ఆ కిరీటాన్ని చూపించి, ఇక మీ గదిలో మీరుండండి అన్నవారిని కూడా నమ్మవద్దు. 1986లో సుసాన్ పోల్గార్‌కు జరిగింది అదే. మెట్లు కావాలి, వాటి పైన తలుపు తెరిచి వుండాలి. రెంటిలో ఒకటి తగ్గితే చరిత్ర సగంలో ఆగుతుంది.

ఇది ప్రపంచ సమాఖ్య ఒక్కటే చేయవలసిన పని కాదు. మన కళాశాలల్లో, మన సంఘాల ఆధ్వర్యాన చదరంగం పోటీలు పెడుతూనే వుంటాం. సాయంత్రం ఆరు దాటాక చివరి ఆటలు జరుపుతాం. ఆ వేళకు హాస్టలు గేటు మూసేస్తారని, పల్లెకు పోయే బస్సు వెళ్ళిపోతుందని మనకు తెలుసు. ఐనా ఆడపిల్లలు రాలేదని ఆశ్చర్యపోతాం. అర్హత పోటీ అక్కడ మొదలౌతున్నది, బాతూమీలో కాదు. మా గోష్ఠి తరఫున ఈసారి జరిపే పోటీ ఉదయమే మొదలుపెట్టి మూడు గంటలకల్లా ముగించాలని నిర్ణయించాం. ప్రశ్న అడిగిన విద్యార్థినే దాని నిర్వాహకురాలు.